ఫొటోలో పడని పనితనం: రెప్లికా వాచీలు, అందుబాటు ధరలోని స్విస్ వాచీలు

వాచీల మీద ఆసక్తి ఉన్నవాళ్ళ మధ్య కొంతకాలంగా ఒక వాదన బాగా బలపడింది. టిస్సో, హామిల్టన్, సెర్టినా, మీడో వంటి స్విస్ కంపెనీల ఆటోమేటిక్ (చేతి కదలికతో తానే కీ ఎక్కే) వాచీకి పెట్టే డబ్బుతో రోలెక్స్ సబ్‌మెరీనర్‌ను అచ్చుగుద్దినట్టు పోలిన సూపర్ క్లోన్, అంటే మేలురకం నకిలీ (రెప్లికా) వాచీ దొరుకుతుందనీ, అందులో సఫైర్ అద్దం, సెరామిక్ బెజెల్ (డయల్ చుట్టూ తిరిగే అంచు వలయం), 904ఎల్ ఉక్కు, అసలు రోలెక్స్ యంత్రాన్ని చూసి చేసిన యంత్రం ఉంటాయనీ, అటువంటప్పుడు సాదాసీదా స్విస్ వాచీ కొనడమంటే డయల్ అడుగున ఉన్న స్విస్ మేడ్ అన్న రెండు ముక్కల రాతకు డబ్బు చెల్లించడమేననీ దాని సారాంశం. నకిలీ అన్న ఒక్క మాటతో ఈ వాదనను కొట్టిపారేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ పని చేయదలచుకోలేదు, ఎందుకంటే ఇందులో సగం నిజమే. ఆ సగం నిజాన్ని ఒప్పుకోకుండా మిగిలిన సగంలోని పొరపాటును చూపించడం కుదరదు.

చట్టం సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. ఇంకొకరి ట్రేడ్‌మార్కు వేసి వాచీ అమ్మడం దాదాపు అన్ని దేశాల్లోనూ నేరమే. ఇటలీ, ఫ్రాన్స్ వంటి చోట్ల కొన్నవారికి కూడా జరిమానా పడవచ్చు. అయితే రెప్లికా కొనేవారిలో చాలామందికి ఆ సంగతి తెలిసే ఉంటుంది కాబట్టి, నైతిక బోధ వల్ల వారి నిర్ణయం మారదు. నేను ఇక్కడ తేల్చుకోవాలనుకునేది ఇంకా ఇరుకైన ప్రశ్న: ఒకే ధరలో ఉన్న ఈ రెండింటిలో ఏది గట్టిగా తయారైంది, ఏది ఎక్కువకాలం నమ్మకంగా నడుస్తుంది? సరదాగా మొదలైన మరమ్మతు అలవాటు వల్ల రెండు రకాల వాచీలనూ వెనక మూత తీసి చూసే అవకాశం నాకు తరచుగా కలుగుతుంది. నా అభిప్రాయం చాలావరకు ఆ మూత కింద కనిపించిన వాటి నుంచే ఏర్పడింది.

మొదట రెప్లికా పక్షాన చెప్పవలసినవి చెప్పాలి. నేటి మేలురకం రెప్లికా కేసు, చైను, బెజెల్ విషయాల్లో అదే ధర గల స్విస్ వాచీని తరచుగా మించుతుంది. చైను గొలుసులు నిండు ఉక్కుతో ఉంటాయి, చైను చివరి ముక్కలు కేసుకు సందు లేకుండా అతుకుతాయి, చైను మూసే కొక్కెమైన క్లాస్ప్‌లో కొద్దికొద్దిగా పొడవు సవరించుకునే ఏర్పాటు ఉంటుంది. 2021లో పవర్‌మ్యాటిక్ యంత్రంతో వచ్చిన టిస్సో పీఆర్ఎక్స్ అందరినీ ఆకట్టుకున్నా, దాని క్లాస్ప్‌లో అటువంటి సూక్ష్మ సవరణ లేకపోవడం గురించి కొన్నవాళ్ళు మొదటి రోజు నుంచీ గొణుగుతూనే ఉన్నారు. అంచుల మెరుగు, డయల్ మీది గుర్తుల అమరిక, బెజెల్ తిప్పినప్పుడు పడే టిక్కు, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెప్లికా వైపు మొగ్గడం సహజమే.

ఉక్కు గురించి మాత్రం ఒక మాట చెప్పాలి, ఎందుకంటే 904ఎల్ అన్న పేరును మంత్రంలా జపించడం మామూలైపోయింది. రోలెక్స్ 1985 నుంచి ఆ రకం ఉక్కును వాడుతోంది. మిగిలిన స్విస్ వాచీల్లో ఎక్కువభాగం 316ఎల్‌తో తయారవుతాయి. 904ఎల్‌లో క్రోమియం, నికెల్ పాళ్ళు ఎక్కువ, కొంత రాగి కూడా ఉంటుంది. ఆమ్లాల వల్ల కలిగే తుప్పును అది ఇంకా బాగా తట్టుకుంటుంది. చెమట, వాన, సముద్రపు నీరు వరకే పరిమితమైన మనిషి మణికట్టు మీద 316ఎల్ ఏ లోటూ రానివ్వదు. పైగా రెప్లికా అమ్మేవాడు 904ఎల్ అని చెబితే అది నిజమో కాదో లోహాన్ని విశ్లేషించే పరికరం లేకుండా కొన్నవాడు తేల్చుకోలేడు. రెప్లికాకు అనుకూలంగా ఎక్కువసార్లు వినిపించే సాక్ష్యం, కొన్నవాడు ఎన్నడూ పరీక్షించలేని సాక్ష్యం కావడం గమనించదగ్గది.

అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. రెప్లికా వ్యాపారంలో వాచీని పంపేముందు అమ్మేవాడు కొనేవాడికి ఆ వాచీ ఫొటోలు పంపిస్తాడు. కొనేవాడు వాటిని అసలు వాచీ ఫొటోల పక్కన పెట్టి, అక్షరాల మందం, తేదీ అంకె గడిలో సరిగ్గా మధ్యలో ఉందా, బెజెల్ మీది త్రికోణం పన్నెండు గంటల గుర్తుకు ఎదురుగా ఉందా అని భూతద్దంతో వెతుకుతాడు. నచ్చకపోతే వెనక్కి పంపమంటాడు. కొనేవాడి చేతిలో ఉన్న ఏకైక నియంత్రణ ఇదే కనుక, తయారీదారు తన శ్రద్ధనూ డబ్బునూ ఫొటోలో పడే భాగాల మీదే కుమ్మరిస్తాడు. ఇందులో అతని దుర్బుద్ధి ఏమీ లేదు. కొనేవాడు దేనికి మార్కులు వేస్తున్నాడో ఆ పాఠాన్నే అతను చదువుతున్నాడు. ఫొటోలో పడనివాటికి, అంటే ఇరుసుల దగ్గరి నూనెకూ, నీరు చొరకుండా ఆపే గాస్కెట్ల నాణ్యతకూ, కాలాన్ని కొలిచే బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే హెయిర్‌స్ప్రింగ్ లోహానికీ, మరలు బిగించిన తీరుకూ, ఆ డబ్బులో మిగిలినది వెళుతుంది. వాచీ పదేళ్ళు నడవడం ఆధారపడేదేమో సరిగ్గా వీటి మీదే.

ఆ ఫొటోల్లో టైమ్‌గ్రాఫర్ తెర ఒకటి ఉంటుంది కదా, అది యంత్రం నాణ్యతను చూపిస్తుంది కదా అని అడగవచ్చు. టైమ్‌గ్రాఫర్ అనేది వాచీ టిక్కుల చప్పుడు విని, అది రోజుకు ఎన్ని సెకన్లు ముందుకు పోతోందో లేదా వెనకబడుతోందో, బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో, టిక్కుకూ టక్కుకూ మధ్య ఎంత తేడా ఉందో చెప్పే పరికరం. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉంచి చూసినప్పుడు ఊపు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. అయితే ఆ ఊపును లెక్కగట్టడానికి పరికరానికి లిఫ్ట్ యాంగిల్ అనే సంఖ్యను మనమే ఇవ్వాలి. ఉండవలసినదానికంటే ఎక్కువ ఇస్తే తెర మీద ఊపు కూడా ఎక్కువగానే కనిపిస్తుంది. అంతా నిజాయితీగానే చేశారనుకున్నా, ఆ ఫొటో చూపేది కొత్తగా కీ ఇచ్చిన వాచీ ఒక్క భంగిమలో కొన్ని నిమిషాలపాటు నడిచిన తీరును మాత్రమే. వాచీని నిలువుగా పట్టుకున్నప్పుడు ఏమవుతుందో, స్ప్రింగు సగానికి పైగా విప్పుకున్నాక ఏమవుతుందో, చలిలోనూ ఎండలోనూ ఏమవుతుందో అందులో ఉండదు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ ధ్రువపత్రం ఇచ్చే సీఓఎస్‌సీ ఒక యంత్రాన్ని 15 రోజులపాటు, 5 భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతల్లో పరీక్షించి, సగటున రోజుకు 4 సెకన్లు వెనకబడడం నుంచి 6 సెకన్లు ముందుకు పోవడం వరకు ఉన్న పరిధిలో ఉంటేనే ఒప్పుకుంటుంది. అక్కడ అన్ని రోజులు పడుతున్నది కాలయాపన కోసం కాదు.

అందుబాటు ధరలోని స్విస్ వాచీలన్నింటికీ ఆ ధ్రువపత్రం ఉండదు, చాలావాటికి లేదు కూడా. కానీ వాటికీ ఒక లిఖిత ప్రమాణం ఉంటుంది. యంత్రాలు చేసే స్విస్ సంస్థ ఈటీఏ తయారుచేసిన 2824-2 అనే యంత్రాన్ని తీసుకుంటే, దాని అతి తక్కువ శ్రేణిని కూడా 2 భంగిమల్లో సరిచేసి, సగటున రోజుకు 12 సెకన్లు అటూ ఇటూ ఉండేలా పంపుతారు; తరువాతి శ్రేణిలో 3 భంగిమలు, 7 సెకన్లు; ఆపై శ్రేణిలో 5 భంగిమలు, 4 సెకన్లు. 12 సెకన్లంటే గొప్ప సంగతేమీ కాదు. అదృష్టం బాగున్న రెప్లికా మొదటి వారంలో దీన్ని తేలిగ్గా ఓడిస్తుంది. కానీ ఒకటి వాచీ చేసిన పని, రెండవది తయారీదారు ఇచ్చిన మాట. మొదటిది ఈ ఒక్క వాచీ గురించి చెబుతుంది, రెండవది ఆ శ్రేణిలో వచ్చే ప్రతి యంత్రం గురించి చెబుతుంది.

ఇక మూత కింద ఏముందో చూద్దాం. గంటకు 28,800 సార్లు కొట్టుకునే యంత్రం రోజుకు 6,91,200 సార్లు, ఏడాదికి 25 కోట్లకు పైగా కొట్టుకుంటుంది. వెంట్రుకంత సన్నని ఇరుసు కొనలు మాణిక్యపు రాళ్ళలో అన్నిసార్లు తిరగాలంటే ప్రతిచోటా తగిన నూనె, తగినంత మోతాదులో ఉండాలి. శక్తిని నిల్వ చేసే మెయిన్ స్ప్రింగ్ ఉండే డబ్బాకు చిక్కని గ్రీజు కావాలి, వేగంగా తిరిగే ఇరుసులకు పలుచని నూనె కావాలి, చక్రాన్ని ఒక్కో పంటి చొప్పున వదిలే ప్యాలెట్ ఫోర్క్ అనే మీటలోని రాళ్ళ కొనలకు దెబ్బ పడినప్పుడు చెదరని ప్రత్యేకమైన నూనె కావాలి, ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకైతే మామూలుగా నూనె పెట్టనే కూడదు. మోబియస్ కంపెనీ 9010, 9415 వంటి అంకెలతో ఇన్ని రకాల నూనెలు అమ్ముతున్నది ఇందుకే. నేను తెరిచి చూసిన రెప్లికాల్లో నూనె అసలు లేనివీ ఉన్నాయి, ఒకే నూనెను అన్నిచోట్లా పులిమి రాయి చుట్టూ పొంగి కారినవీ ఉన్నాయి. చేతి కదలికతో ఊగి కీ ఇచ్చే రోటరు కింద సన్నని ఉక్కు రజను, భాగాలు బిగించే పళ్ళెం మీద వేలిముద్ర కనిపించడం కూడా అరుదు కాదు. చిక్కేమిటంటే, నూనె లేని యంత్రం మొదటి కొన్ని నెలలు చక్కగానే నడుస్తుంది. కొన్నవాడు ఆ నెలల్లోనే తన సంతృప్తిని నలుగురికీ చెప్పేస్తాడు. ఇరుసు అరిగి, ఊపు తగ్గి, వాచీ రోజుకు నిమిషాలకు నిమిషాలు వెనకబడే వేళకు ఆ మాట విని మరికొందరు కొనేసి ఉంటారు.

రోలెక్స్ 3135 అనే యంత్రపు నకలు దీనికి మంచి ఉదాహరణ. 1988లో వచ్చిన ఆ యంత్రంలో రోటరు బాల్ బేరింగు మీద కాకుండా రాళ్ళలో తిరిగే ఒక ఇరుసు మీద నిలుస్తుంది. అసలు రోలెక్స్‌లో సైతం సర్వీసింగ్ ఆలస్యమై ఆ ఇరుసు దగ్గర నూనె ఎండితే అది అరిగి, రోటరు పక్కకు వాలి కింది పళ్ళేన్ని గీకుతుంది. 2015లో వచ్చిన 3235లో రోలెక్స్ బాల్ బేరింగుకు మారింది. అసలు తయారీదారు అత్యంత శ్రద్ధతో చేసి, సమయానికి నూనె వేస్తే తప్ప నిలవని ఏర్పాటును, ఆ శ్రద్ధ లేకుండా యథాతథంగా నకలు చేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. హెయిర్‌స్ప్రింగ్ సంగతీ అంతే. రోలెక్స్ వాడే నీలి పారాక్రోమ్ స్ప్రింగు నియోబియం, జిర్కోనియం కలిసిన మిశ్రలోహం, అయస్కాంతానికి లొంగదు. నకలులో నీలిరంగు కనిపించినంత మాత్రాన లోహం మారిపోదు. అయితే ఆ రంగు ఫొటోలో పడుతుంది, లోహం పడదు.

క్రోనోగ్రాఫ్ (స్టాప్ వాచీ కూడా ఉన్న వాచీ) రెప్లికాల కథ ఇంకా విడ్డూరమైనది. చాలాకాలం పాటు రోలెక్స్ క్రోనోగ్రాఫ్ అయిన డేటోనా నకళ్ళలో 7750 అనే యంత్రం తరహాదాన్ని పెట్టేవారు. ఆ యంత్రంలో చిన్న డయళ్ళు 12, 9, 6 అంకెల దగ్గర ఉంటాయి. డేటోనాలో 3, 6, 9 దగ్గర ఉంటాయి. చిన్న ముళ్ళను వాటి స్థానం నుంచి వేరే స్థానానికి చేర్చడానికి మధ్యలో అదనపు పళ్ళచక్రాలు దూర్చేవారు. ప్రతి అదనపు చక్రం కొంత శక్తిని తింటుంది, ప్రతి పంటి సందులో కొంత వదులు ఉంటుంది. ఫలితంగా సెకన్ల ముల్లు వణకడం, ఊపు పడిపోవడం, వాచీ అప్పుడప్పుడు ఆగిపోవడం మామూలు. ఇది పనివాడి నైపుణ్యలోపం కాదు. కాలం చూపడం కోసం కాక ఇంకొక వాచీలా కనబడడం కోసం రూపొందించిన యంత్రానికి అది సహజ ఫలితం. తరువాత 2000లో వచ్చిన రోలెక్స్ 4130 యంత్రం అమరికనే అనుకరించే నకళ్ళు వచ్చాయి. అమరిక చిక్కు తీరింది గానీ, ఆ యంత్రాన్ని విప్పి తిరిగి బిగించడానికి ఒప్పుకునే మరమ్మతుదారు దొరకని కొత్త చిక్కు వచ్చిపడింది.

దీని నుంచి ఒక వింత నియమం తేలుతుంది. రెప్లికా లోపల కూడా అసలు వాచీని ఎంత దగ్గరగా పోలితే దాని నమ్మకం అంత తగ్గుతుంది. సిటిజన్ సంస్థకు చెందిన మియోటా 9015 యంత్రాన్ని గానీ, చైనాలోని సీగల్ చేసే, ఈటీఏ 2824ను పోలిన ఎస్‌టీ2130ను గానీ పెట్టిన రెప్లికా చాలా ఏళ్ళు నడవగలదు. మియోటా 9015 గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది, 24 రాళ్ళు, పూర్తిగా కీ ఎక్కితే 42 గంటలు నడిపించే నిల్వ శక్తి. తన పేరు తాను చెప్పుకుని అమ్ముడుపోయే యంత్రం. కానీ రెప్లికా ప్రియులు దీన్ని చిన్నచూపు చూస్తారు, ఎందుకంటే వెనక మూత తీస్తే రోలెక్స్‌లా కనిపించదు. ఎక్కువ డబ్బు పెట్టి, ఎక్కువ పోలిక ఉన్న, తక్కువ నమ్మదగిన యంత్రాన్ని కొనుక్కుంటారు. చైనా వాచీ పరిశ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదని కూడా ఇక్కడే చెప్పాలి. అక్కడ సొంత పేరుతో మంచి వాచీలు చేసే సంస్థలు ఉన్నాయి, వాటి పనితనం చూసి నేను ముచ్చటపడ్డ సందర్భాలూ ఉన్నాయి. ఒకే పట్టణంలో, ఒకే తరహా మిషన్ల మీద తయారైనా, పేరు వేసుకున్న వాచీకీ పేరు దొంగిలించిన వాచీకీ తేడా వచ్చేది జవాబుదారీలో.

ఇప్పుడు స్విస్ పక్షాన్ని కూడా అంతే కఠినంగా చూడాలి. స్విస్ మేడ్ అన్న రాత అనుకున్నంత పవిత్రమైనదేమీ కాదు. 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం వాచీ తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో జరగాలి, యంత్రం స్విస్‌ది కావాలి, యంత్రాన్ని కేసులో బిగించడం, తుది తనిఖీ అక్కడే జరగాలి. మిగిలిన 40 శాతంలో ఏముంటుందో కంపెనీలు గట్టిగా చెప్పవు. కేసులు, డయళ్ళు, చైన్లు ఆసియా నుంచి రావడానికి చట్టంలో అడ్డేమీ లేదు. కాబట్టి రెప్లికా అభిమాని, రెండింటి ఉక్కూ ఒకే దిక్కు నుంచి వచ్చిందని ఎద్దేవా చేస్తే, కొన్ని వాచీల విషయంలో అతను నిజమే చెబుతుండవచ్చు.

యంత్రాల్లోనూ లోపాలున్నాయి. ఈటీఏ 2824 హక్కుల గడువు తీరాక దాన్ని అనుసరించి సెల్లిటా సంస్థ చేసిన ఎస్‌డబ్ల్యూ200 తొలి రోజుల్లో, చేత్తో కీ ఇస్తున్నప్పుడు చక్రాల పళ్ళు విరుగుతున్నాయన్న ఫిర్యాదు వచ్చింది. పళ్ళ ఆకారం మార్చి ఎస్‌డబ్ల్యూ200-1గా విడుదల చేశారు. టిస్సో, సెర్టినా, మీడో వాచీల్లో కనిపించే పవర్‌మ్యాటిక్ 80 తరహా యంత్రం 80 గంటల నిల్వ శక్తి ఇస్తుంది గానీ, అందుకోసం వేగాన్ని గంటకు 28,800 నుంచి 21,600కు తగ్గించారు. కొన్ని రకాల్లో ఎస్కేప్‌మెంట్ (చక్రాలను టిక్కుటిక్కుగా వదిలే ఏర్పాటు) భాగాలను ప్లాస్టిక్‌తో చేశారు. వేగాన్ని ఫ్యాక్టరీలో లేజరుతో సరిచేసి, మామూలు మరమ్మతుదారు జరుపుకునే మీటను తీసేశారు. 2013లో స్వాచ్ తెచ్చిన సిస్టెమ్51 అయితే 51 భాగాలతో, మిషన్లే బిగించి మూసేసిన యంత్రం. చెడితే విప్పేది లేదు. ఇవేవీ నాకు నచ్చిన మార్పులు కావు. ముఖ్యంగా ప్లాస్టిక్ ఎస్కేప్‌మెంట్‌ను సమర్థించే ఓపిక నాకు లేదు, అది ఎన్నాళ్ళు నడిచినా సరే.

కానీ పై పేరాలోని ప్రతి లోపానికీ ఒక పేరుంది, ఒక యంత్రం అంకె ఉంది, ఎప్పుడు వచ్చిందో ఎలా సరిచేశారో చెప్పగలిగే చరిత్ర ఉంది. ఎస్‌డబ్ల్యూ200లో పళ్ళు విరుగుతున్నాయని ఎందరో చెప్పగలిగారంటే, వారందరి చేతుల్లో ఉన్నది ఒకే యంత్రం కాబట్టి. రెప్లికాలో ఈ సౌకర్యం లేదు. ఈ నెల వచ్చిన నకలులోని యంత్రమూ, మూడు నెలల తరువాత అదే పేరుతో వచ్చే నకలులోని యంత్రమూ ఒకటేనని ఎవరూ చెప్పలేరు. అధికారుల దాడుల్లో ఒక కర్మాగారం మూతబడితే ఆ పేరు పెట్టుకుని ఇంకొకడు అమ్ముతాడు, నకలుకు కూడా నకలు వస్తుంది. నమ్మకం అనేది ఒక వాచీ గుణం కాదు, ఒకే రకంగా తయారైన వేల వాచీలను ఏళ్ళ తరబడి గమనిస్తే తెలిసే విషయం. నా రెప్లికా నాలుగేళ్ళుగా ఆగకుండా నడుస్తోందని ఎవరైనా అంటే ఆ మాటను నేను పూర్తిగా నమ్ముతాను. అది పక్కవాడి రెప్లికా గురించి నాకేమీ చెప్పదు.

నీటి సంగతి దీనికంటే సూటిగా ఉంటుంది. రెప్లికా డయల్ మీద 300 మీటర్లు అని రాసి ఉండడానికి కారణం అసలు డయల్ మీద అలా రాసి ఉండడమే. అది బొమ్మలో భాగం, కొలత కాదు. వాచీ నీటికి తట్టుకోవడం గురించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 22810. నీటి లోతుకు దిగే డైవర్ల వాచీలది ఇంకా కఠినమైన ఐఎస్ఓ 6425. ఈ రెండవదాని ప్రకారం డైవర్ వాచీ అనిపించుకోవాలంటే కనీసం 100 మీటర్ల లోతుకు తగినదై ఉండాలి, తయారైన ప్రతి వాచీనీ దాని మీద రాసిన లోతుకు 25 శాతం అదనపు ఒత్తిడితో పరీక్షించాలి. సెర్టినా డీఎస్ యాక్షన్ డైవర్ వంటి వాచీలు అందుబాటు ధరలోనే ఈ ప్రమాణాన్ని పాటిస్తున్నాయి. నీరూ దెబ్బా తగలకుండా రెండంచెల రక్షణ అన్న ఆలోచనను ఆ సంస్థ 1959 నుంచే తన వాచీల మీద డీఎస్ (డబుల్ సెక్యూరిటీ) అన్న రెండక్షరాలుగా వేసుకుంటోంది. మంచి రెప్లికాను ఒత్తిడి పరీక్షకు పెట్టి, ఎండిన గాస్కెట్లు మార్చి, సిలికాన్ గ్రీజు రాస్తే అది కూడా 10 బార్ల (సుమారు 100 మీటర్ల లోతు నీటికి సమానమైన) ఒత్తిడి దాటగలదు, దాటినవి నేనూ చూశాను. కానీ ఆ పని చేసినవాడు మరమ్మతుదారు, తయారీదారు కాదు. క్రౌను (కీ ఇచ్చే పిడి) దూరే గొట్టం వదులుగా ఉంటే గాస్కెట్ మార్చినా లాభం లేదు.

చర్మం గురించి కూడా ఒక్క మాట. చర్మాన్ని ఎక్కువసేపు తాకి ఉండే వస్తువుల నుంచి వారానికి ఒక చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ విడుదల కాకూడదని ఐరోపా సమాఖ్య నియమం. అక్కడ చట్టబద్ధంగా అమ్ముడయ్యే వాచీ దానికి లోబడాలి. ఊరూ పేరూ లేని ఉక్కుకు ఆ బెంగ లేదు.

చివరగా మరమ్మతు. వాచీ ఎన్నేళ్ళు బతుకుతుందో నిర్ణయించేది అది పుట్టిన తీరు సగం, చెడినప్పుడు బాగుచేయగలిగే వీలు సగం. ఈటీఏ 2824, సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200 యంత్రాలను చూడని మరమ్మతుదారు ఉండడు. వాటి కొలతలు ఒకటే కాబట్టి యంత్రం మొత్తం మార్చవలసి వచ్చినా రెండింటిలో ఏది దొరికితే అది పెట్టుకోవచ్చు. రెప్లికాను అసలు కంపెనీ సర్వీస్ కేంద్రం ముట్టుకోదు, మంచి పేరున్న మరమ్మతుదారులు కూడా చాలామంది ముట్టుకోరు. దానికి నీతి ఒక్కటే కారణం కాదు, విప్పిన తరువాత ఏది విరిగినా దాని బదులు పెట్టడానికి భాగం ఉండదు. ఇంకొక రెప్లికాను కొని దాని భాగాలు పీకి పెట్టాలి, అప్పుడూ అవి సరిపోతాయన్న హామీ లేదు. దీనికి రెప్లికా పక్షం చెప్పే సమాధానం, చెడితే పారేసి ఇంకొకటి కొనుక్కుంటాం అన్నది. అది అర్థం లేని సమాధానమేమీ కాదు, లెక్క కూడా కొన్నిసార్లు సరిపోతుంది. అయితే అప్పుడు మాట్లాడుతున్నది వాచీ మన్నిక గురించి కాదని ఒప్పుకోవాలి.

ఒకే ధరకు ఏది కొనాలని ఎవరైనా నన్ను అడిగితే నా సమాధానం వారికి కావలసినదాన్ని బట్టి మారుతుంది. కేవలం నమ్మకమే కొలత అయితే యాంత్రిక వాచీనే వద్దంటాను. సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ముందు ఏ బ్యాలెన్స్ చక్రమూ నిలవదు, సెర్టినా ప్రెసిడ్రైవ్ వంటి స్విస్ క్వార్ట్జ్ ఏడాదికి పది సెకన్ల తేడాతో నడుస్తుంది. సబ్‌మెరీనర్ రూపమే మనసుకు పట్టినదైతే, ఆ రూపురేఖలను అనుసరించి సొంత పేరుతో, మియోటా లేదా సెల్లిటా యంత్రంతో వచ్చే వాచీలు చాలానే ఉన్నాయి. వాటిలో గాస్కెట్ గురించీ యంత్రం గురించీ అడిగితే జవాబు చెప్పే మనిషి ఉంటాడు. రెప్లికా ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్ళు ఒత్తిడి పరీక్ష చేయించకుండా దాన్ని నీళ్ళలోకి తీసుకెళ్ళకపోవడం, చేత్తో కీ ఇవ్వడం తగ్గించి తొడుక్కునే నడిపించుకోవడం, నకలు యంత్రానికి పూర్తి సర్వీసింగ్ ఖర్చు పెట్టకపోవడం మంచిది.

యాంత్రిక స్విస్ వాచీయే కావాలంటే మూడు ముళ్ళు, తేదీ మాత్రమే ఉండి, 2824 లేదా ఎస్‌డబ్ల్యూ200-1 యంత్రం ఉన్నదాన్ని చూడమంటాను. ఈ సలహాలో నా వాదనకున్న బలహీనత కూడా దాగి ఉంది. ఈటీఏకూ, టిస్సో, సెర్టినా వంటి కంపెనీలకూ యజమాని అయిన స్వాచ్ గ్రూప్ తన వెలుపలి కంపెనీలకు ఈటీఏ యంత్రాల సరఫరాను తగ్గిస్తామని 2002లోనే ప్రకటించింది. స్విస్ పోటీ కమిషన్ కల్పించుకుని ఆ తగ్గింపును 2019 చివరి వరకు మెల్లగా జరిగేలా చూసింది. స్వతంత్ర మరమ్మతుదారులకు విడిభాగాలు ఇవ్వడం కూడా ఆ గ్రూపు తగ్గిస్తూ వచ్చింది, పవర్‌మ్యాటిక్ వంటి యంత్రాలను విప్పడం కంటే మొత్తంగా మార్చేయడం మామూలైంది. మరమ్మతు వీలు మీద నేను కట్టిన వాదనలో ఎంతభాగం మిగులుతుందో, సెల్లిటా వంటి సంస్థలు బయటి మరమ్మతుదారులకు విడిభాగాలు ఎంతకాలం అమ్ముతాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఒకే ధరలో పవర్‌మ్యాటిక్ ఉన్న వాచీ, సెల్లిటా ఉన్న వాచీ ఎదురైతే, ఎనభై గంటల నిల్వ శక్తిని వదులుకుని రెండవదాన్నే తీసుకోమంటాను.